గ్రూపులవారీ నార్మలైజేషన్: లెక్క తప్పకుండా, ప్రోగ్రాం నత్తనడక నడవకుండా

ఒక్కో విలువను తన గ్రూపులోని మిగతావాటితో పోల్చి ఒకే కొలబద్ద మీదకు తేవడమే గ్రూపులవారీ నార్మలైజేషన్. గణాంకాలకు వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నవాళ్లందరికీ 'ఎంటీకార్స్' అనే చిన్న టేబుల్ పరిచయమే. 1974 నాటి మోటర్ ట్రెండ్ పత్రిక నుంచి తీసుకున్న 32 కార్ల వివరాలు అందులో ఉంటాయి. వాటిలో హార్నెట్ 4 డ్రైవ్, వోల్వో 142ఇ అని రెండు కార్లున్నాయి. రెండింటి మైలేజీ ఒకటే, గ్యాలన్‌కు 21.4 మైళ్లు. మొత్తం 32 కార్ల సగటు 20.09, విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్ (ఇకపై ఎస్‌డీ అంటాను) 6.03. అంటే సగటు తీసేసి ఎస్‌డీతో భాగిస్తే వచ్చే జెడ్ స్కోరు రెంటికీ 0.22. రెండూ ఓ మోస్తరు కార్లే అనుకుని ఊరుకోవచ్చు.

కానీ హార్నెట్‌ది 6 సిలిండర్ల ఇంజిన్, వోల్వోది 4 సిలిండర్లది. 6 సిలిండర్ల కార్లు 7 ఉన్నాయి, వాటి సగటు 19.74, ఎస్‌డీ 1.45. 4 సిలిండర్ల కార్లు 11, సగటు 26.66, ఎస్‌డీ 4.51. ఎవరి గ్రూపులో వాళ్లను పెట్టి లెక్కేస్తే హార్నెట్ స్కోరు 1.14 అవుతుంది, వోల్వోది −1.17. అదే 21.4తో హార్నెట్ తన గ్రూపులో అందరికంటే పైన ఉంది, వోల్వో తన గ్రూపులో అందరికంటే కింద ఉంది.

32 వరుసలైతే ఇది ఎలా చేసినా అయిపోతుంది. వరుసలు 10 లక్షలు, గ్రూపులు 2 లక్షలు ఉన్నప్పుడే చేసే పద్ధతి పట్టింపుకు వస్తుంది. ఈ వ్యాసం మొత్తంలో నేను చెప్పేది ఒక్కటే. గ్రూపు స్థాయి లెక్కనూ వరుస స్థాయి లెక్కనూ విడివిడిగా ఉంచండి. సగటు, ఎస్‌డీ గ్రూపుకు ఒక్కోటే ఉంటాయి. తీసివేత, భాగహారం ప్రతి వరుసకూ జరగాలి. ఈ రెంటినీ ఒకే ఫంక్షన్‌లో కుక్కి ఆ ఫంక్షన్‌ను గ్రూపుకోసారి పిలిస్తే ప్రోగ్రాం ఈడ్చుకుంటూ నడుస్తుంది, తప్పు ఎక్కడ జరిగిందో కూడా కనబడదు.

ఒక మాట: ఫంక్షన్ల పేర్లను పలికే తీరులో తెలుగులోనే రాస్తున్నాను. కీబోర్డు మీద మాత్రం మామూలు అక్షరాల్లోనే కొట్టాలి.

మొదటి మెట్టు: ఏ గ్రూపుతో పోలుస్తున్నారో తేల్చుకోండి

కోడ్ జోలికి వెళ్లేముందు ఒక ప్రశ్నకు జవాబు ఉండాలి. గ్రూపుల మధ్య తేడా మీకు కావాలా, వద్దా? గ్రూపులవారీగా నార్మలైజ్ చేశాక ప్రతి గ్రూపు సగటూ సున్నా అయిపోతుంది. 4 సిలిండర్ల కార్లు 8 సిలిండర్ల కార్లకంటే పెట్రోలు ఆదా చేస్తాయన్న సంగతి ఆ కాలమ్‌లో ఇక మిగలదు. ఏ కారు కొంటే ఖర్చు తగ్గుతుందన్నదే మీ ప్రశ్న అయితే ఈ పని చేయనే కూడదు.

ఎప్పుడు చేయాలో చెప్పడానికి 'ఐరిస్' డేటాను మించిన ఉదాహరణ లేదు. ఎడ్గర్ ఆండర్సన్ సేకరించిన, 1936లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ తన వ్యాసంలో వాడిన 150 పూల కొలతలవి. మూడు జాతులు, జాతికి 50 పూలు. రక్షకపత్రాల పొడవుకూ వెడల్పుకూ మధ్య సహసంబంధం (కోరిలేషన్) మొత్తం 150 పూల మీద లెక్కేస్తే −0.12 వస్తుంది. పొడవు పెరిగితే వెడల్పు కాస్త తగ్గుతుందని అర్థం. ఏ జాతికి ఆ జాతిగా చూస్తే సెటోసాలో 0.74, వర్సికలర్‌లో 0.53, వర్జినికాలో 0.46. మూడింటిలోనూ గుర్తు తిరగబడింది. రెండు కాలమ్‌లనూ జాతులవారీగా జెడ్ స్కోర్లుగా మార్చి, 150 పూల మీద మళ్లీ సహసంబంధం తీస్తే 0.58 వస్తుంది. గ్రూపుల సైజు సమానం కాబట్టి అది పై మూడు అంకెల సగటే. మీ కోడ్ సరిగ్గా ఉందో లేదో పరీక్షించుకోవడానికి ఇది చక్కటి కొలమానం. 0.58 రాలేదంటే ఎక్కడో తేడా కొట్టినట్టే.

ఎకనోమెట్రిక్స్‌వాళ్లు ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ మోడల్‌లో గ్రూపు సగటును తీసేసేది కూడా ఇందుకే. వాళ్లు ఎస్‌డీతో భాగించరు, అంతే తేడా.

రెండో మెట్టు: ఏ కొలబద్ద?

సగటు తీసేసి ఎస్‌డీతో భాగించే జెడ్ స్కోరే ఎక్కువ వాడకంలో ఉంది. కనిష్ఠాన్ని 0గా, గరిష్ఠాన్ని 1గా మార్చే పద్ధతీ ఉంది. మన ఉదాహరణలో అది హార్నెట్‌కు 1, వోల్వోకు 0 ఇస్తుంది. గ్రూపులో ఒక్క పిచ్చి విలువ దూరినా మిగతావన్నీ ఒక మూలకు నెట్టుకుపోతాయి కాబట్టి దాన్ని నేను ఆచితూచి వాడతాను. గ్రూపు మొత్తంలో వాటా కావాలంటే మొత్తంతో భాగిస్తే సరి.

పిచ్చి విలువల భయం ఉంటే సగటు బదులు మధ్యగతం, ఎస్‌డీ బదులు మధ్యగతం నుంచి ఉండే దూరాల మధ్యగతం తీసుకోవచ్చు. ఆర్‌లో 'మ్యాడ్' ఫంక్షన్ ఆ విలువను 1.4826తో గుణించి ఇస్తుంది, ఎస్‌డీతో పోల్చుకోవడానికి వీలుగా. పైథాన్ భాషలో టేబుళ్ల లెక్కలకు వాడే లైబ్రరీ పాండాస్‌లో ఒకప్పుడు ఇదే పేరుతో ఉన్న ఫంక్షన్ వేరే లెక్క చేసేది. అది సగటు నుంచి దూరాల సగటు. 2.0 వెర్షన్‌లో దాన్ని తీసేశారు కాబట్టి పాత కోడ్‌ను కొత్త మిషన్ మీద నడిపేవాళ్లు చూసుకోవాలి. గ్రూపులో సగానికి మించి ఒకే విలువ ఉంటే ఈ కొలత సున్నా అవుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

పర్సంటైల్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఇంటర్ పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ జనవరి, ఏప్రిల్ నెలల్లో నడిచే చర్చ ఇదే మరి. జేఈఈ మెయిన్ వేర్వేరు సెషన్లలో (షిఫ్టుల్లో) వేర్వేరు పేపర్లతో జరుగుతుంది. ఒక సెషన్ పేపర్ కష్టంగా, ఇంకోటి తేలికగా ఉండొచ్చు. అందుకని 2019 నుంచి పరీక్ష నిర్వహించే ఎన్‌టీఏ ప్రతి సెషన్‌నూ ఒక గ్రూపుగా తీసుకుని పర్సంటైల్ లెక్కిస్తోంది. ఆ సెషన్‌లో మీతో సమానంగానో, మీకంటే తక్కువగానో మార్కులు వచ్చినవాళ్ల సంఖ్యను సెషన్ రాసినవాళ్ల మొత్తంతో భాగించి 100తో గుణిస్తారు. టైలు (ఇద్దరికి ఒకే స్కోరు రావడం) తగ్గాలని 7 దశాంశ స్థానాల దాకా తీసుకుంటారు. కష్టమైన పేపరైనా, తేలికైన పేపరైనా ఆ సెషన్ టాపర్‌కు 100 వస్తుంది.

ఈ సూత్రంలో 'సమానంగానో' అన్న మాటే కీలకం. ఒక గ్రూపులో మార్కులు 50, 60, 60, 80 అనుకోండి. 60 వచ్చినవాళ్ల పర్సంటైల్ ఎంత? జేఈఈ సూత్రం ప్రకారం నలుగురిలో ముగ్గురు 60 లేదా అంతకు తక్కువ, కాబట్టి 75. ఆర్‌లో 'ర్యాంక్' ఫంక్షన్‌ను ఏమీ చెప్పకుండా వాడి నాలుగుతో భాగిస్తే 62.5, ఎందుకంటే టై అయినవాళ్లకు అది సగటు ర్యాంకు 2.5 ఇస్తుంది. 'పర్సెంట్ ర్యాంక్' వాడితే 33.3, ఎందుకంటే అది ఖచ్చితంగా తక్కువ వచ్చినవాళ్లనే లెక్కపెట్టి, గ్రూపు సైజులోంచి ఒకటి తీసేసి భాగిస్తుంది. ఒకే డేటాకు మూడు జవాబులు. జేఈఈ లెక్క కావాలంటే డేటాబేస్‌ల భాష ఎస్‌క్యూఎల్‌లోనూ, ఆర్‌లోని డీప్లయర్ ప్యాకేజీలోనూ 'క్యూమ్ డిస్ట్' అని ఉంటుంది, అదే వాడాలి. పాండాస్‌లో అయితే గ్రూపుల మీద 'ర్యాంక్' పిలిచి, పద్ధతి 'మ్యాక్స్' అనీ, పర్సంటేజీ కావాలనీ చెప్పాలి. మన రాష్ట్రాల ఎంట్రెన్సుల్లోనూ షిఫ్టుల మధ్య నార్మలైజేషన్ ఉంటుంది, కానీ సూత్రం వేరు. ఒకదాని కోడ్ ఇంకోదానికి అతికించకండి.

మూడో మెట్టు: గ్రూపుల సైజులు చూడండి

దీన్ని దాటేసి ముందుకెళ్లేవాళ్లే ఎక్కువ. లెక్క మొదలుపెట్టే ముందు ఏ గ్రూపులో ఎన్ని వరుసలున్నాయో ఒక టేబుల్ వేసి చూడండి.

ఎంటీకార్స్‌నే సిలిండర్లు, గేర్లు కలిపి విడదీయండి. కాగితం మీద 9 గ్రూపులు రావాలి. 8 సిలిండర్లు 4 గేర్ల కారు ఒక్కటీ లేదు కాబట్టి 8 గ్రూపులే వస్తాయి. వాటిలో 4 సిలిండర్లు 3 గేర్ల గ్రూపులో టొయోటా కరోనా ఒక్కటే, 6 సిలిండర్లు 5 గేర్లలో ఫెరారీ డీనో ఒక్కటే. ఒక్క సభ్యుడున్న గ్రూపుకు ఎస్‌డీ ఉండదు. ఆర్ 'ఎన్ఏ' అంటుంది, పాండాస్ 'నాన్' అంటుంది.

రెండు వరుసల గ్రూపులు ఇంతకంటే ప్రమాదం, ఎందుకంటే అవి అంకెను చూపిస్తాయి. 6 సిలిండర్లు 3 గేర్లలో హార్నెట్, వాలియంట్ ఉన్నాయి, మైలేజీ 21.4, 18.1. స్కోర్లు 0.707, −0.707. ఇప్పుడు వాలియంట్ మైలేజీ 5 అని దిద్ది మళ్లీ లెక్కేయండి. స్కోర్లు అవే 0.707, −0.707. రెండు వేర్వేరు విలువలున్న ఏ గ్రూపుకైనా ఇంతే. ఆ అంకెలో ఏది పెద్దది, ఏది చిన్నది అన్న సమాచారం తప్ప ఇంకేమీ లేదు.

గ్రూపు పెద్దదయ్యేకొద్దీ ఈ బిగింపు సడలుతుంది గానీ వెంటనే కాదు. గ్రూపులో 'ఎన్' వరుసలుంటే జెడ్ స్కోరు ఎంత ఎగబాకినా (ఎన్ − 1)ను ఎన్ వర్గమూలంతో భాగించగా వచ్చినదాన్ని దాటలేదు. 7 వరుసలకు ఆ హద్దు 2.27, 10 వరుసలకు 2.85, 11 వరుసలకు 3.02. అంటే '3 దాటితే అసాధారణ విలువ' అన్న వాడుక నియమం 10 లేదా అంతకంటే తక్కువ వరుసలున్న గ్రూపుల్లో ఎన్నడూ పనిచేయదు. మీటర్ రీడింగు లక్ష బదులు కోటి అని పడినా స్కోరు 2.85 దగ్గరే ఆగిపోతుంది. చిన్న గ్రూపులున్న డేటాలో ఈ నియమంతో తప్పులు వెతికి, 'ఏమీ దొరకలేదు, డేటా శుభ్రం' అని రిపోర్టు రాయడం కంటే అసలు వెతక్కపోవడమే మేలు.

చిన్న గ్రూపుల్ని ఏం చేయాలన్నది మీ విషయాన్ని బట్టి ఉంటుంది. దగ్గరి గ్రూపులో కలపవచ్చు, స్కోరు ఖాళీగా వదిలేయవచ్చు. ఏం చేసినా వరుసల సంఖ్యను ఒక కాలమ్‌గా పక్కనే ఉంచండి.

నాలుగో మెట్టు: అసలు యంత్రాంగం

ఏ ప్యాకేజీ వాడినా వేగంగా నడిచే పద్ధతి లోపల ఇలాగే ఉంటుంది. ఒకసారి చేత్తో చేసి చూస్తే మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి. ఆర్‌లో ఏ ప్యాకేజీ లేకుండా చేయొచ్చు.

ముందు గ్రూపు పేర్లను 1, 2, 3 అని పూర్ణాంకాలుగా మార్చండి. 'యూనిక్'తో పేర్ల జాబితా తీసి, 'మ్యాచ్'తో ప్రతి వరుసకూ ఆ జాబితాలో దాని స్థానం కనుక్కోవడమే. 'ఫ్యాక్టర్' కూడా ఇదే చేస్తుంది, కాకపోతే పేర్లను అక్షరక్రమంలో పేరుస్తుంది, పేర్లు చాలా ఉంటే అదొక అదనపు పని. ఇలా మార్చడం వల్ల జిల్లా పేర్లు, కస్టమర్ ఐడీల వంటి టెక్స్ట్‌ను పోల్చే పని ఒక్కసారితో తీరిపోతుంది. ఆ తర్వాత అంతా అంకెలతోనే.

తర్వాత 'రోసమ్'తో గ్రూపులవారీ మొత్తాలు, 'ట్యాబ్యులేట్'తో గ్రూపులవారీ సంఖ్యలు తీయండి. భాగిస్తే సగటు. చివర ఎస్ ఉన్న 'రోసమ్స్' పూర్తిగా వేరే ఫంక్షన్, అది ప్రతి వరుసనూ అడ్డంగా కూడుతుంది. ఇంకో సంగతి, 'రోసమ్' ఇచ్చేది ఒక కాలమ్ ఉన్న మ్యాట్రిక్స్. మొదటి కాలమ్ తీసుకుని వెక్టర్‌గా (ఒంటరి విలువల జాబితాగా) మార్చుకోండి.

ఇప్పుడు చేతిలో గ్రూపుకు ఒకటి చొప్పున సగటులున్న చిన్న వెక్టర్ ఉంది. దానికి చదరపు బ్రాకెట్లలో పూర్ణాంకాల కాలమ్‌ను ఇండెక్స్‌గా ఇస్తే చాలు, ప్రతి వరుసకూ దాని గ్రూపు సగటు వచ్చి కూర్చుంటుంది. విలువల కాలమ్‌లోంచి దీన్ని తీసేయడం ఒక్క వెక్టర్ తీసివేత. 10 లక్షల వరుసలకైనా లూప్ లేదు. మిగిలిన తేడాల్ని వర్గం చేసి మళ్లీ 'రోసమ్', సంఖ్యలో ఒకటి తగ్గించి భాగహారం, వర్గమూలం. మళ్లీ అదే ఇండెక్స్‌తో వరుసలకు పంచి భాగించండి. పని అయిపోయింది.

తేడాలు తీశాకే వర్గం చేయాలని ఎందుకు పట్టుబడుతున్నానో చెబుతాను. విలువల మొత్తం, వర్గాల మొత్తం రెండూ ఒకే దఫాలో తీసి, వర్గాల సగటులోంచి సగటు వర్గాన్ని తీసేస్తే విస్తృతి (వేరియన్స్, అంటే ఎస్‌డీ వర్గం) వస్తుందని పాఠ్యపుస్తకాల్లో ఒక అడ్డదారి సూత్రం ఉంటుంది. కాగితం మీద సరైనదే. కంప్యూటర్ మామూలుగా దశాంశ సంఖ్యలో 15, 16 అంకెలకు మించి ఖచ్చితంగా దాచుకోలేదు. సెకన్లలో రాసిన తేదీలు తీసుకోండి, అవి 170 కోట్లు దాటిన సంఖ్యలు. వాటి వర్గం 19 అంకెలది. రెండు 19 అంకెల సంఖ్యల్లో ఒకదాన్ని ఇంకోదాంట్లోంచి తీసేస్తే మిగలాల్సిన కాస్త తేడా అప్పటికే రౌండింగులో కొట్టుకుపోయి ఉంటుంది. విస్తృతి నెగటివ్‌గా వచ్చి, వర్గమూలం దగ్గర 'నాన్' పడటం ఇలాగే జరుగుతుంది. డేటాబేస్ క్వెరీలను చేత్తో రాసేవాళ్లు ఈ సూత్రాన్ని ఇంకా వాడుతూనే ఉన్నారు.

ఐదో మెట్టు: ఆర్‌లో రోజువారీ దారులు

పై యంత్రాంగాన్ని రోజూ చేత్తో రాయనక్కర్లేదు. చిన్న డేటాకు ఆర్‌తోనే వచ్చే 'ఏవ్' ఫంక్షన్ హాయి. విలువల కాలమ్, గ్రూపు కాలమ్ ఇస్తే అసలు వరుసల క్రమం చెదరకుండా అంతే పొడవున్న జవాబు ఇస్తుంది. మీ సొంత ఫంక్షన్ ఇచ్చేటప్పుడు మాత్రం 'ఫన్ =' అని పేరుపెట్టి ఇవ్వాలి. పేరు లేకుండా ఇస్తే దాన్ని కూడా ఇంకో గ్రూపు కాలమ్ అనుకుంటుంది. వచ్చే ఎర్రర్ మెసేజ్ చూసి అసలు కారణం పట్టుకోవడం కష్టం.

'స్కేల్' ఫంక్షన్ గురించి హెచ్చరిక. చాలామంది జెడ్ స్కోరు అనగానే దాన్నే పిలుస్తారు. అది మ్యాట్రిక్సుల కోసం తయారైంది. ఒక్క వెక్టర్ ఇచ్చినా ముందు మ్యాట్రిక్స్‌గా మారుస్తుంది, సగటును ఒకసారి, ఎస్‌డీని ఇంకోసారి మ్యాట్రిక్స్ మొత్తం మీద పరుస్తుంది, చివరికి వాడిన సగటునూ ఎస్‌డీనీ అట్రిబ్యూట్లుగా తగిలించి మ్యాట్రిక్స్‌నే తిరిగి ఇస్తుంది. 2 లక్షల గ్రూపులుంటే ఈ తంతు 2 లక్షల సార్లు. పైగా డీప్లయర్ 'మ్యూటేట్'లో వాడితే కొత్త కాలమ్ మ్యాట్రిక్స్‌గా మారి, తర్వాత ఇంకో టేబుల్‌తో జాయిన్ చేసేటప్పుడో (కలిపేటప్పుడో) ఫైల్‌లోకి రాసేటప్పుడో విచిత్రంగా ప్రవర్తిస్తుంది. 'యాజ్ న్యూమరిక్'లో చుట్టి వాడండి, లేదా సగటు తీసేసి ఎస్‌డీతో భాగించే సూత్రాన్ని నేరుగా రాయండి.

ఈ రెంటికీ మధ్య ఇంకో తేడా ఉంది. 'స్కేల్' ఖాళీ విలువల్ని తనంతట తాను పక్కనపెడుతుంది. నేరుగా రాసిన సూత్రంలో 'ఎన్ఏ రిమూవ్' అని చెప్పకపోతే ఒక్క ఖాళీ విలువ ఆ గ్రూపు మొత్తాన్ని ఖాళీ చేస్తుంది. ఒకదాని బదులు ఇంకోటి పెట్టి, జవాబులు మారాయేమని తల పట్టుకునేవాళ్లు దీన్ని ముందు చూడాలి.

డీప్లయర్‌లో 'గ్రూప్ బై' తర్వాత 'మ్యూటేట్' అందరికీ తెలిసిన దారి, చదవడానికి బాగుంటుంది. తర్వాత 'అన్‌గ్రూప్' మరిచిపోతే కింద రాసే లెక్కలన్నీ గ్రూపులవారీగానే జరుగుతాయి, ఎర్రర్ కూడా రాదు. 2023లో వచ్చిన 1.1.0 వెర్షన్ నుంచి 'మ్యూటేట్' లోపలే '.బై' అని రాయొచ్చు. అలా చేస్తే గ్రూపింగ్ ఆ ఒక్క మెట్టుకే పరిమితం. కొత్తగా రాసే కోడ్‌లో నేను అదే వాడతాను.

గ్రూపులు వేలు, లక్షలు దాటితే డీప్లయర్ నెమ్మదిస్తుంది, ఎందుకంటే మీ సూత్రాన్ని ఆర్ గ్రూపుకోసారి లెక్కిస్తుంది. అప్పుడు ఆర్‌లోని ఇంకో ప్యాకేజీ డేటా.టేబుల్ వైపు వెళ్లండి. అక్కడా ఒక మెలిక ఉంది. సగటు, ఎస్‌డీ అని విడివిడిగా ఒక్కో ఫంక్షన్‌ను గ్రూపులవారీగా అడిగితే డేటా.టేబుల్ తన అంతర్గత సీ కోడ్‌తో అన్ని గ్రూపులకూ ఒకే ఊపులో లెక్కేస్తుంది. తీసివేత, భాగహారం కలిపిన పెద్ద సూత్రాన్ని ఇస్తే ఆ దగ్గరిదారి మూసుకుపోయి గ్రూపుకోసారి లెక్కించే దారి పడుతుంది. కాబట్టి ముందు సగటు, ఎస్‌డీ, సంఖ్యలతో గ్రూపుకో వరుస ఉన్న చిన్న టేబుల్ చేయండి, దాన్ని పెద్ద టేబుల్‌కు జాయిన్ చేయండి, తర్వాత గ్రూపింగ్ లేకుండా మొత్తం కాలమ్ మీద తీసివేత, భాగహారం చేయండి. ':=' గుర్తు అసలు టేబుల్‌నే మారుస్తుందనీ, పాత టేబుల్ అలాగే కావాలంటే ముందే 'కాపీ' చేసుకోవాలనీ కొత్తవాళ్లకు చెప్పాలి.

ఇంత బాధ ఎందుకనుకుంటే 'కొలాప్స్' ప్యాకేజీ ఉంది. అందులో 'ఎఫ్‌స్కేల్' సరిగ్గా ఈ పనికే పుట్టింది. విలువలు, గ్రూపులు ఇస్తే మామూలు వెక్టరే తిరిగొస్తుంది. సగటు మాత్రమే తీసేయాలంటే 'ఎఫ్‌విదిన్'. లోపలంతా కంపైల్డ్ కోడ్. గ్రూపులు ఎక్కువ, టైము తక్కువ అయితే నేను ముందు చెయ్యి పెట్టేది దీని మీదే.

ఆరో మెట్టు: పాండాస్

వేగమూ తప్పులూ రెండూ ఇక్కడ ఒక్క సంగతి మీద ఆధారపడతాయి. 'గ్రూప్‌బై' తర్వాత 'ట్రాన్స్‌ఫార్మ్'కు ఏమిచ్చారు? కొటేషన్లలో 'మీన్' అని పేరు ఇస్తే ముందే కంపైల్ చేసి ఉన్న కోడ్ అన్ని గ్రూపులకూ కలిపి లెక్కేస్తుంది. ల్యామ్డా (అక్కడికక్కడ రాసిన పేరులేని చిన్న ఫంక్షన్) ఇస్తే పైథాన్ దాన్ని గ్రూపుకోసారి పిలుస్తుంది, ప్రతిసారీ ఓ చిన్న సిరీస్ తయారుచేస్తుంది. కాబట్టి 'మీన్'తో ఒక కాలమ్, 'ఎస్‌టీడీ'తో ఒక కాలమ్ ట్రాన్స్‌ఫార్మ్ చేసి, ఆ తర్వాత బయట తీసివేసి భాగించండి. మళ్లీ అదే సూత్రం. 'అప్లై' వాడకండి. 'ట్రాన్స్‌ఫార్మ్' అసలు ఇండెక్స్‌ను నిలబెడుతుంది, 'అప్లై' దాన్ని ఎలా తిరిగిస్తుందో ఫంక్షన్ ఇచ్చే ఆకారాన్ని బట్టి మారుతుంది.

ఎస్‌డీ విషయంలో పాండాస్ ఎన్ − 1తో, పైథాన్‌లోని ఇంకో లైబ్రరీ నంపై ఎన్‌తో భాగిస్తాయి. మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ సైకిట్ లెర్న్‌లోని స్టాండర్డ్ స్కేలర్ కూడా ఎన్ వైపే. వెయ్యి వరుసల గ్రూపులో ఈ తేడా కంటికి ఆనదు. రెండు వరుసల గ్రూపులో ఒకటి 0.707 ఇస్తే ఇంకోటి 1 ఇస్తుంది. టీమ్‌లో ఒకరు ఆర్, ఇంకొకరు పైథాన్ వాడుతూ అంకెలు కలవడం లేదంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

గ్రూపు పేరే ఖాళీగా ఉన్న వరుసల్ని పాండాస్ మామూలుగా లెక్కలోకి తీసుకోదు, స్కోరు 'నాన్' అవుతుంది. డీప్లయర్, డేటా.టేబుల్ ఆ ఖాళీలన్నిటినీ కలిపి ఒక గ్రూపు చేస్తాయి. జిల్లా తెలియనివాళ్లందరినీ ఒకే జిల్లావాళ్లుగా చూడటం సాధారణంగా అర్థం లేని పని, కాబట్టి ఆర్‌లో వాటిని ముందే వేరుచేయండి.

ఎస్‌క్యూఎల్‌లో అయితే

విండో ఫంక్షన్లు ఇందుకే ఉన్నాయి. సగటు ఫంక్షన్ రాసి, 'ఓవర్', 'పార్టిషన్ బై' గ్రూపు అంటే ప్రతి వరుస పక్కనా గ్రూపు సగటు వస్తుంది. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్‌లలో ఎస్‌డీకి 'ఎస్‌టీడీడెవ్ శాంప్' అని పూర్తి పేరు రాయండి. ఉత్త 'ఎస్‌టీడీడెవ్' పోస్ట్‌గ్రెస్‌లో ఎన్ − 1తో, మైఎస్‌క్యూఎల్‌లో ఎన్‌తో భాగిస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పూర్ణాంకాల కాలమ్ సగటు పూర్ణాంకంగానే వస్తుంది, ముందే డెసిమల్‌గా మార్చుకోండి. హారంలో ఎస్‌డీని 'నల్ ఇఫ్' సున్నాతో చుట్టండి, లేకపోతే ఒక్క గ్రూపు వల్ల పోస్ట్‌గ్రెస్ క్వెరీ మొత్తం ఎర్రర్‌తో ఆగిపోతుంది.

ఎస్‌డీ సున్నా అయితే

గ్రూపులో అన్ని విలువలూ ఒకటే అయితే సున్నాను సున్నాతో భాగించినట్టు, జవాబు 'నాన్'. అది కనీసం కంటబడుతుంది. కనబడనిది వేరే ఉంది. 0.1 లాంటి సంఖ్యను కంప్యూటర్ ద్విసంఖ్యామానంలో ఖచ్చితంగా రాయలేదు. అందువల్ల ఒకే విలువ పదిసార్లున్న గ్రూపులో కూడా సగటు ఆఖరి దశాంశంలో కాస్త జరగొచ్చు, ఎస్‌డీ సున్నాకు బదులు అతి చిన్న సంఖ్యగా రావొచ్చు. సున్నా కాదు కాబట్టి భాగహారం నడుస్తుంది, ఏ తేడా లేని గ్రూపుకు ఇంచుమించు 1 అనో −1 అనో స్కోర్లు పుట్టుకొస్తాయి. అందుకే 'సున్నాకు సమానమా' అని కాకుండా, సగటు పరిమాణంతో పోల్చి మరీ చిన్నదా అని పరీక్షించండి. లేదా గ్రూపు గరిష్ఠం, కనిష్ఠం సమానమో కాదో చూడండి, అది ఇంకా నిక్కచ్చి.

అలాంటి గ్రూపుకు స్కోరు ఎంత ఇవ్వాలి? అందరూ సగటు దగ్గరే ఉన్నారు కాబట్టి 0 ఇవ్వడం న్యాయమే అంటాను. ఒక్క వరుసే ఉన్న గ్రూపుకు మాత్రం ఇవ్వను, అక్కడ పోల్చడానికి ఎవరూ లేరు, ఖాళీగా వదిలేయాలి. చాలా కోడ్‌లలో ఈ రెంటినీ ఒకే లైనుతో సున్నా చేసేస్తారు.

సరిచూసుకోవడం

వరుసల సంఖ్య ముందూ తర్వాతా ఒకటేనా? జాయిన్‌లో గ్రూపు టేబుల్‌లో డూప్లికేట్లు ఉంటే పెరిగిపోతుంది. ప్రతి గ్రూపులోనూ స్కోర్ల వర్గాల మొత్తం ఎన్ − 1 అవుతోందా? ఈ ఒక్క పరీక్ష తప్పుడు హారాన్నీ ఖాళీ విలువల గొడవనూ రెంటినీ పట్టేస్తుంది, ఎన్‌ను ఖాళీ కాని విలువలతోనే లెక్కపెట్టాలి సుమా. గ్రూపు సగటు సరిగ్గా సున్నా రాదు, దశాంశం తర్వాత 15, 16 స్థానాల దగ్గర ఏదో మిగులుతుంది, దానికి కంగారుపడకండి. చివరగా ఏదో ఒక వరుసను కాలిక్యులేటర్‌తో లెక్కేయండి. హార్నెట్‌కు 1.14 రావాలి.

రేపు కొత్త డేటా వస్తే

ప్రెడిక్షన్ మోడల్ కోసం ఇదంతా చేస్తుంటే గ్రూపు సగటులూ ఎస్‌డీలూ ట్రైనింగ్ డేటా నుంచే రావాలి. ట్రైనింగ్, టెస్ట్ రెండూ కలిపి నార్మలైజ్ చేసి తర్వాత విడదీస్తే టెస్ట్ సమాచారం ముందే మోడల్‌లోకి కారిపోయినట్టు. టెస్ట్ డేటాను దాని సగటుతోనే నార్మలైజ్ చేయడం కూడా తప్పే. ఈ ఏడాది ఒక గ్రూపు మొత్తం పడిపోయినా ఆ పతనం స్కోర్లలో కనిపించదు.

గ్రూపు స్థాయి టేబుల్‌ను విడిగా ఉంచుకున్నవాళ్లకు ఇక్కడ పని సులువు. గ్రూపు పేరు, సంఖ్య, సగటు, ఎస్‌డీ ఉన్న ఆ టేబుల్‌ను ఫైల్‌లో దాచి, కొత్త వరుసలు వచ్చినప్పుడు దానికే జాయిన్ చేసి లెక్కేస్తారు. ట్రైనింగ్‌లో లేని కొత్త గ్రూపు వస్తే జాయిన్‌లో ఖాళీ వస్తుంది. దానికి మొత్తం డేటా సగటు, ఎస్‌డీ వాడతారో, స్కోరు ఇవ్వకుండా పక్కన పెడతారో ముందే నిర్ణయించి ఆ టేబుల్‌లోనే 'ఇతర' అని ఒక వరుస చేర్చండి. అలా స్కోరు పొందిన వరుసలకు ఒక గుర్తు కాలమ్ కూడా పెట్టండి, నెల తిరిగేసరికి అవి ఎన్ని పోగయ్యాయో చూసి టేబుల్‌ను మళ్లీ కట్టాలా వద్దా తేల్చుకోవచ్చు.